చూపులేని పాఠకుల పక్షాన తెలుగు ప్రచురణకర్తలకు, పత్రికా సంపాదకులకు బహిరంగ లేఖ

మాన్యులైన ప్రచురణకర్తలకు, సంపాదకులకు,

తెలుగు పుస్తకానికి పాఠకులు తగ్గిపోతున్నారన్న బాధ ప్రతి పుస్తక ప్రదర్శనలోనూ, ప్రతి ఆవిష్కరణ సభలోనూ వినిపిస్తూనే ఉంది. అయితే కొనే శక్తి, చదివే తీరిక, వాటికి మించి చదవాలన్న ఆకలి ఉండి కూడా తెలుగు పుస్తకం దాకా రాలేకపోతున్న పాఠకవర్గం ఒకటి ఉందన్న సంగతి ఆ సభల్లో ప్రస్తావనకు రావడం అరుదు. 2011 జనగణన లెక్కల్లో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 4 లక్షలకు దగ్గరగా ఉంది. వీరందరూ పుస్తకప్రియులని చెప్పడం అతిశయోక్తి అవుతుంది, చూపున్న 4 లక్షల మందిని ఏరి కూర్చోబెట్టినా అందరూ పుస్తకాలు పట్టేవారు కారు. ఈ లేఖ వారిలో చదువుకున్నవారి గురించి, మరీ ముఖ్యంగా గడచిన ఇరవై ఏళ్లలో కంప్యూటరు, ఫోను ఆసరాతో ఆన్‌లైన్‌లో ఒకరినొకరు వెతికి పట్టుకొని ఒక సమాజంగా ఏర్పడినవారి గురించి. అక్కడ వారికి గొంతు దొరికింది, తోడు దొరికింది. తమ సొంత భాషలో చదువూ రాతా మాత్రం సగంలోనే ఆగిపోయాయి. దానికి ప్రధాన కారణం తెలుగు పుస్తకాలు, పత్రికలు తయారవుతున్న పద్ధతేనన్నది ఈ లేఖ చేసే వాదం.

చూపులేనివారు కంప్యూటరును, ఫోనును వాడేది స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో. తెర మీదున్న అక్షరాలను, బటన్లను, జాబితాలను ఒక్కొక్కటిగా గుర్తించి కృత్రిమ కంఠంతో చదివి వినిపించడం, లేదా బ్రెయిలీ చుక్కలను పైకి లేపే చిన్న యంత్రానికి వాటిని అందించడం దాని పని. కంప్యూటరు మీద బాణం మీటలు నొక్కుతూ వరుస వెంబడి వరుస, అనుమానం వచ్చిన చోట అక్షరం వెంబడి అక్షరం ముందుకూ వెనక్కూ నడవవచ్చు. ఫోనులోనైతే వేలు ఆనించిన చోట ఏముందో అది చెబుతుంది, రెండుసార్లు తడితే ఆ బటన్ నొక్కినట్టు లెక్క, వేలిని కుడివైపుకు జరిపితే తరువాతి అంశానికి వెళుతుంది. అలవాటు పడినవారు ఈ కంఠం వేగాన్ని రెండింతలు, మూడింతలు పెంచుకొని వింటారు గనుక పక్కన కూర్చున్న చూపున్న మనిషికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. ఇందులో ప్రచురణకర్తలు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. స్క్రీన్ రీడర్‌కు అక్షరం ఆకారంతో పని లేదు. ఆ ఆకారం వెనక కంప్యూటరు దాచుకున్న సంకేతాన్ని, అంటే ఆ అక్షరానికి కేటాయించిన సంఖ్యను, అది చదువుతుంది. కంటికి ముత్యాల్లా కనిపించే పుట కూడా లోపలి సంకేతం తప్పయితే దానికి అర్థంలేని రాశి.

ఈ పనిముట్లను తయారుచేసినవారిలో చూపులేనివారే ముందున్నారు. ఒకప్పుడు మోటారు సైకిల్ పందేల్లో పాల్గొని, 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అనే అమెరికన్ స్థాపించిన సంస్థ నుంచి 1989లో ‘జాస్’ వెలువడింది. ఆ తరువాత విండోస్ మీద అదే ప్రామాణికమైంది గానీ దాని వెల వేయి డాలర్ల దరిదాపుల్లో ఉండడంతో మన దేశంలో బ్యాంకులకు, పెద్ద సంస్థలకు తప్ప మామూలు విద్యార్థికి అందేది కాదు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, ఆయనతో చేతులు కలిపిన జేమ్స్ టే, ఇద్దరూ చూపులేనివారే, ఎవరైనా ఉచితంగా దించుకొని వాడుకోగల, ఎవరైనా లోపలి రాతను చూసి మెరుగుపరచగల ‘ఎన్‌వీడీఏ’ను మొదలుపెట్టారు. వాడుకరులే దానికి లోపాలు పట్టి చెప్పారు, వాడుకరులే అదనపు హంగులు రాశారు, స్వచ్ఛంద సేవకులు దాన్ని 50కి పైగా భాషల్లోకి మార్చారు. దానితో పాటు వచ్చే ఉచిత కంఠం ‘ఈస్పీక్’లో తెలుగు కూడా ఉంది. కరకుగా, యంత్రం మాట్లాడినట్టే ఉండే ఆ తెలుగును మొదటిసారి విన్నవారు నవ్వుతారు. రోజూ వినేవారికి మాత్రం ఎంత వేగం పెంచినా మాట చెదరని ఆ కంఠమే కావాలి. 2009లో ఐఫోనులో ‘వాయిస్ఓవర్’, ఆండ్రాయిడ్‌లో ‘టాక్‌బ్యాక్’ ఫోనుతో పాటే రావడం మొదలయ్యాక, నున్నటి అద్దం తప్ప తడుముకోవడానికి ఏమీ లేని టచ్ ఫోను చూపులేనివారి చేతిలో అక్కరకొచ్చే వస్తువైంది.

అంతకుముందు చూపులేని మనిషికి తనలాంటి మరో మనిషి దొరకడమే కష్టంగా ఉండేది. ప్రత్యేక పాఠశాలల హాస్టళ్లలో పదో తరగతి దాకా కలిసి పెరిగిన పిల్లలు ఆ తరువాత తలా ఒక ఊరికి చెదిరిపోతారు. ఊళ్లో వారి ఈడువారు పొలానికో పనికో కాలేజీకో పోతే ఇంటి అరుగు మీద రేడియో ఒక్కటే మిగులుతుంది. నడివయసులో చూపు పోగొట్టుకున్నవారి సంగతి మరీ అన్యాయం, వారికి ఆ హాస్టలు స్నేహాలు కూడా ఉండవు. పింఛను కాగితం ఎక్కడ పెట్టాలో, వైకల్య ధ్రువీకరణ పత్రానికి ఏ ఆసుపత్రికి వెళ్లాలో, పరీక్షలో తన తరఫున రాసిపెట్టే మనిషిని, అంటే స్క్రైబ్‌ను, ఏ నిబంధన కింద అడగాలో చెప్పే దిక్కు ఉండేది కాదు. 2000 దశకం తొలినాళ్ల నుంచి ‘యాక్సెస్ ఇండియా’ అనే ఈమెయిల్ చర్చావేదిక దేశంలో చదువుకున్న చూపులేనివారిని ఒకచోటికి చేర్చింది. బ్యాంకు ఉద్యోగి, న్యాయవాది, పరిశోధక విద్యార్థి అక్కడ ఒకరి సందేహం ఒకరు తీర్చుకునేవారు. అయితే ఆ సంభాషణంతా ఇంగ్లీషులో సాగేది గనుక ఇంగ్లీషు రానివారికి ఆ గడప దాటడం సాధ్యపడలేదు. 2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చాకనే తెలుగు మాట్లాడేవారికి నిజమైన చావడి ఏర్పడింది, ఎందుకంటే అక్కడ కీబోర్డు అక్కరలేదు, స్పెల్లింగ్ అక్కరలేదు, బటన్ పట్టుకొని మాట్లాడితే చాలు.

అటువంటి గ్రూపుల్లో రోజంతా జరిగే మాటలను వరుసగా వింటే ఒక ఊరు వినిపిస్తుంది. ఒకరు కొత్త ఫోనులో టాక్‌బ్యాక్ ఉన్నట్టుండి ఇంగ్లీషులోకి మారిపోయిందని వాపోతే, మరొకరు సెట్టింగుల్లో ఎన్నో అంశం దగ్గర ఆగి ఎన్నిసార్లు తట్టాలో వేలు పట్టి నడిపించినట్టు చెబుతారు. ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్ పరీక్షలకు సిద్ధమవుతున్నవారు కరెంట్ అఫైర్స్ చదివి రికార్డు చేసి పంచుకుంటారు. రైల్వే రాయితీ గురించి, రిజర్వేషన్ రోస్టర్‌లో అంధులకు కేటాయించిన ఉద్యోగాల గురించి తగవులాడుకుంటారు. రాత్రి పొద్దుపోయాక పాత సినిమా పాటలు, హరికథ ముక్కలు, వెక్కిరింపులు. ఇంట్లోవారు మాట్లాడవలసిన సందర్భాల్లో పక్కకు కూర్చోబెట్టిన మనిషి ఇక్కడ అడ్మిన్ అవుతాడు, ‘అన్నా’ అని పిలిపించుకుంటాడు, నలుగురి మధ్య తన మాట నెగ్గించుకుంటాడు. ఆడవారి విషయం ఇంత సులువుగా లేదు. ఫోను అన్న చేతిలోనో భర్త చేతిలోనో ఉండే ఇళ్లలో వారి గొంతు గ్రూపులోకి రావడానికే సంవత్సరాలు పడుతుంది. వచ్చాక కూడా వేళకాని వేళ వచ్చే ప్రైవేటు కాల్స్ భరించలేక బయటికి పోయేవారున్నారు. ఆన్‌లైన్ సమాజాన్ని స్వర్గంగా చిత్రించడం ఈ లేఖ ఉద్దేశం కాదు గనుక ఈ సంగతి కూడా చెప్పవలసి వచ్చింది.

అంతకంటే లోతైన లోపం మరొకటి ఉంది. వాయిస్ మెసేజ్‌ను వెతకడం వీలుకాదు. ఆరు నెలల కిందట ఎవరో పావుగంట సేపు ఓపికగా వివరించిన సంగతి మళ్లీ కావలసివస్తే వందల మెసేజ్‌ల మధ్య అది ఎక్కడుందో తెలియదు, తెలిసినా అందులో ఏ నిమిషం దగ్గర కావలసిన మాట ఉందో తెలియదు. ఫోను నిండిపోయిందని చెరిపేస్తే ఆ జ్ఞానం అంతటితో సరి. అడ్మిన్ ఉద్యోగంలో చేరి తీరిక లేకుండా పోతే గ్రూపే మూగబోతుంది. ఇంగ్లీషు చర్చావేదికల్లో అదే సమాజం ఏళ్ల తరబడి రాసుకున్న సమాధానాలు రాతలో ఉన్నందువల్ల ఎప్పుడైనా వెతకడానికి, ఎత్తి చూపడానికి, అధికారికి అర్జీతో జతపరచడానికి పనికివస్తాయి. తెలుగులో మాట మిగలదు. ఎంత మంది కలిసి ఎంత మాట్లాడుకున్నా, ఆ మాట గ్రూపు గోడలు దాటి పత్రికలోకి, శాసనసభ్యుడి బల్ల మీదికి, పుస్తకంలోకి ప్రవేశించాలంటే రాత కావాలి.

మరి తెలుగులో ఎందుకు రాయరు అన్న ప్రశ్నకు సమాధానం చదువులో ఉంది. బ్రెయిలీలో చదువుకున్నవారికి వర్ణక్రమం, అంటే మాటలో ఏ అక్షరం తరువాత ఏ అక్షరం వస్తుందన్న జ్ఞానం, వేళ్ల కొసల్లో ఉంటుంది. కానీ తెలుగు బ్రెయిలీలో పాఠ్యపుస్తకాలను దాటి దొరికేది తక్కువ, ఒక మోస్తరు నవల బ్రెయిలీలో అనేక లావుపాటి సంపుటాలవుతుంది, వాటిని ఉంచుకునే చోటు ఎవరింట్లోనూ ఉండదు. పెద్దయ్యాక చూపు పోయినవారికి, ఆడియో మీద చదువు వెళ్లదీసినవారికి తెలుగు చెవిలో ఉంటుంది గానీ అక్షరాల్లో ఉండదు. శ, ష, స మాటల్లో కలిసిపోతాయి. ల ఎక్కడ, ళ ఎక్కడ, ఒత్తు ఎక్కడ పడాలి అన్నది వినికిడి వల్ల తేలదు. చూపున్న పిల్లవాడు వేల పుటలు కళ్ల ముందు దొర్లిపోతుంటే ఆ జ్ఞానాన్ని తెలియకుండానే సంపాదించుకుంటాడు. చూపులేని పాఠకుడు అదే జ్ఞానం కోసం స్క్రీన్ రీడర్‌తో మాట మీద ఆగి, బాణం మీటతో అక్షరం అక్షరం విని తెలుసుకోగలడు, అందుకు అతని ముందు చదవదగిన తెలుగు పాఠం ఉండాలి. 2017లో గూగుల్ తెలుగులో మాటలను టైపు చేసే సదుపాయం తెచ్చాక చాలామంది నోటితో చెప్పి రాయిస్తున్నారు. అది విని రాసిన మాట ఒప్పో తప్పో సరిచూసుకోవాలంటే మళ్లీ వర్ణక్రమం తెలిసి ఉండవలసిందే. చదువుకోవడానికి పుస్తకం లేనివారిని తప్పుల్లేకుండా రాయలేదని తప్పుపట్టడం సంపాదకులకు న్యాయమనిపించదు.

ఆ పుస్తకం వారికి ఎందుకు అందడం లేదో తెలియాలంటే ఇక ప్రచురణశాల లోపలికి వెళ్లవలసి ఉంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య చొప్పున కేటాయించిన ఉమ్మడి సంకేత పద్ధతిని యూనికోడ్ అంటారు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల చోటు దక్కింది. అయినా తెలుగు డీటీపీ కేంద్రాలు అప్పటికే మరో దారి పట్టాయి. తెలుగు అక్షరాల ముక్కలను రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చిన ఫాంట్లను, వాటిలో అందరికీ తెలిసిన అను ఫాంట్లను, పేజ్‌మేకర్‌లో వాడుకుంటూ వేలాది పుస్తకాలను అందంగా అచ్చువేశాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001లో వచ్చింది, తయారీదారు దాన్ని ఏనాడో వదిలేశాడు, అయినా తెలుగు పుస్తకాలు చాలావరకు ఇంకా దాని కడుపులోంచే పుడుతున్నాయి. ఈ పద్ధతిలో ‘స్త్రీ’ అన్న అక్షరం కొట్టినప్పుడు గుడిదీర్ఘం ఉన్న స ఒక ముక్కగా, త ఒత్తు ఒక ముక్కగా, క్రారవడి ఒక ముక్కగా తెర మీద చక్కగా అమరుతాయి. ఫైలు లోపల మాత్రం అవి మూడు పొంతనలేని రోమన్ గుర్తులు. ఆ ఫాంటు తీసేసి చూస్తే పుటంతా నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఐరోపా అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. స్క్రీన్ రీడర్ చదివేది వాటినే. కథ వినబోయిన మనిషికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరమాల ధారాపాతంగా వినిపిస్తుంది. యూనికోడ్‌లో అదే ‘స్త్రీ’ స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస, ఏ ఫాంటు వేసినా, ఫాంటే లేకపోయినా, ఆ వరుస మారదు గనుక కంఠం దాన్ని పలుకుతుంది, బ్రెయిలీ యంత్రం చుక్కలుగా లేపుతుంది, వెతికితే దొరుకుతుంది.

అలా తయారైన పుస్తకాన్ని పీడీఎఫ్‌గా అమ్మినా, బహుమతిగా ఇచ్చినా ఫలితం ఇంతే. పాత పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌లు ఇంకో రకం, అవి పుటల ఫొటోలు గనుక వాటి దగ్గర స్క్రీన్ రీడర్ మౌనం వహిస్తుంది. అప్పుడు మిగిలేది ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల ఆకారాన్ని పోల్చి వాటిని సంకేతాలుగా మార్చే ప్రక్రియ. తెలుగుకు ఇది గతంతో పోలిస్తే చాలా మెరుగుపడింది. అయినా ద, ధ, థల మధ్య, ప, ష, వల మధ్య తేడా ఒక చిన్న గీతో చుక్కో కావడంతో మాసిన అచ్చులో అది తడబడుతుంది. పత్రికల్లో రెండు నిలువు వరుసలుగా ఉన్న పుటను ఈ చివరి నుంచి ఆ చివరికి కలిపి చదివి రెండు వ్యాసాలను ఒకటి చేస్తుంది. అందువల్ల చూపున్నవారు ఎవరో ఒకరు కూర్చొని పుట పుటా సరిచూడాలి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద సేవకులు చేస్తున్నది ఈ పనే, కాపీరైటు తీరిన పాత పుస్తకాలను స్కాన్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చి, ఒకరు దిద్దినదాన్ని మరొకరు సరిచూస్తారు. వారిలో చాలామందికి చూపులేని పాఠకులు తాము దిద్దిన పాఠాన్ని చదువుతున్నారన్న సంగతి తెలిసి ఉండకపోవచ్చు. అయితే వారి శ్రమ చాలావరకు పాత పుస్తకాలకే పరిమితం. నిన్న ఆవిష్కరించిన నవల చూపులేని పాఠకుడికి కావాలంటే ప్రతి కొని, వెన్ను కోసి, పుటలు స్కాన్ చేసి, ఓసీఆర్ పెట్టి, నెలల తరబడి దిద్దాలి. ఆ నవల మొత్తం అంతకుముందే ఒకరు టైపు చేసి, రచయిత మూడు ప్రూఫులు దిద్ది, తప్పుల్లేని పాఠంగా డీటీపీ కేంద్రం కంప్యూటరులో నిద్రపోతూ ఉంటుంది. చేతిలో వెన్న పెట్టుకొని నేతికి ఊరంతా తిరగడమంటే ఇదే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ, 52(1)(జడ్‌బీ) అనే ఉపనిబంధన ద్వారా, వైకల్యం ఉన్నవారు చదువుకోగల రూపంలోకి ఏ పుస్తకాన్నైనా లాభాపేక్ష లేకుండా మార్చుకోవడానికి, వారితో పంచుకోవడానికి అనుమతినిచ్చింది. ఇందుకు హక్కుదారు అంగీకారం అక్కరలేదు. ఇదే ఉద్దేశంతో 2013లో మొరాకోలోని మారకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మరుసటి ఏడాది అన్ని దేశాల కంటే ముందు ఆమోదించినది భారతదేశమే. 2016లో కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా, టీసీఎస్ కలిసి ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించాయి, చూపులేనివారు తమ సంస్థ ద్వారా సభ్యులై అందులోంచి పుస్తకాలు దించుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో అచ్చు, ఎలక్ట్రానిక్ మాధ్యమాల సమాచారం వారికి అందే రూపంలో ఉండాలని చెప్పింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు సౌలభ్య ప్రమాణాలు ఇష్టమైతే పాటించే సలహాలుగా ఉంటే సరిపోదనీ, తప్పనిసరి నియమాలు విడిగా ఉండాలనీ తీర్పిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదికను తయారుచేసినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం. 2025 ఏప్రిల్‌లో మరో తీర్పు డిజిటల్ సేవలు అందడాన్ని రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. ఇన్ని ఉన్నా, పుస్తకాన్ని మార్చుకునే హక్కును కాపీరైటు చట్టం ఇచ్చింది గానీ డీటీపీ కేంద్రంలోని ఆ ఫైలును పాఠకుడికి ఇప్పించలేదు. అది ప్రచురణకర్త చేతిలోనే ఉంది కనుకనే కోర్టుకు పోకుండా ఈ లేఖ రాయవలసి వచ్చింది.

ప్రచురణకర్తల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు తెలియనివి కావు. ఫైలు బయటికి ఇస్తే మర్నాడే అది అన్ని గ్రూపుల్లోనూ తిరుగుతుందన్న భయం మొదటిది. ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసి అవి అమ్ముడుపోవడానికి ఏళ్లు ఎదురుచూసే చిన్న ప్రచురణకర్త భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం తగదు. అయితే దొంగ ప్రతులు ఇప్పటికే ఫొటోలుగా, స్కాన్లుగా తిరుగుతున్నాయి, వాటిని చదవలేనివారు ఒక్క చూపులేనివారే. దొంగను ఆపలేని తాళం, న్యాయంగా కొనుక్కుందామని వచ్చిన పాఠకుణ్ణి మాత్రం ఆపుతోంది. పైగా ఫైలును వీధిలో పంచమని ఎవరూ అడగడం లేదు. సభ్యత్వం ఉన్నవారికే తెరుచుకునే సుగమ్య పుస్తకాలయ వంటి చోటికి ఇవ్వవచ్చు, యూనికోడ్‌లో తయారైన ఈపబ్‌ను, అంటే తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకునే ఈ-పుస్తకాన్ని, అచ్చు ప్రతి వెలకే అమ్మవచ్చు. వెల చెల్లించడానికి చూపులేని పాఠకులు సిద్ధంగా ఉన్నారు. వారిలో బ్యాంకు ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు. ఉచితంగా ఇవ్వడమే దయ అనుకునే అలవాటు వారిని నొప్పిస్తుంది కూడా.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్న రెండో అభ్యంతరానికి ఇప్పుడు కాలం చెల్లింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కాలంలో సిలికానాంధ్ర సంస్థ సహకారంతో వచ్చిన పెద్దన, మండలి, సురవరం, రామభద్ర, ధూర్జటి వంటి ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికి ఉన్నాయి, ఇన్‌డిజైన్ యూనికోడ్ తెలుగును ఒత్తులు చెదరకుండా కూరుస్తుంది. మూడో అభ్యంతరం డీటీపీ ఆపరేటర్లది, అసలైన బరువు దానికే ఉంది. ఇరవై ఏళ్లుగా ఒకే కీబోర్డు వరుస మీద పుటకు ఇంత అని కూలి సంపాదించుకునే మనిషిని కొత్త వరుస నేర్చుకోమంటే అతని రోజువారీ రాబడి దెబ్బతింటుంది. పాత కీబోర్డు వరుసతోనే యూనికోడ్‌లో కొట్టించే ఉపకరణాలు ఉన్నాయి గనుక వేళ్లకు కొత్త పాఠం అక్కరలేదు, కానీ ఆ మార్పు జరిగే నెల రోజుల నష్టాన్ని ప్రచురణకర్త పంచుకోవాలి. అప్పటిదాకా పాత ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే పరివర్తకాలను వాడుకోవచ్చు. ఇటువంటి పరివర్తకాల్లో తొలినాటిదైన ‘పద్మ’ను తయారుచేసిన వెన్న నాగార్జునే 2003లో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేశారు. మార్చిన పాఠంలో ఒత్తులు కొన్ని చెదురుతాయి, మరో ప్రూఫు తప్పదు. ఆ ప్రూఫును చదవడానికి ముందుకొచ్చేవారు ఆన్‌లైన్ సమాజంలో కావలసినంత మంది దొరుకుతారు, అందులో చూపులేనివారూ ఉంటారు, అక్షరం జారితే చెవి వెంటనే పట్టేస్తుంది.

సంపాదకులకు చెప్పవలసినది వేరే ఉంది. దినపత్రికలు ఒకప్పుడు తలా ఒక సొంత ఫాంటుతో వెబ్‌సైట్లు నడిపి, తరువాత అన్నీ యూనికోడ్‌కు మారాయి. వార్తల వరకు చూపులేని పాఠకులకు అది పెద్ద మేలు. అయితే సాహిత్య పుటలు, ఆదివారం అనుబంధాలు చాలా సందర్భాల్లో ఈ-పేపర్‌లో బొమ్మలుగానే ఉంటున్నాయి, అంటే ఊళ్లో ఏం జరిగిందో వారికి తెలుస్తుంది గానీ ఆ వారం ఏ కథ వచ్చిందో తెలియదు. సామాజిక మాధ్యమాల్లో కవిత్వం పరిస్థితి మరీ విచిత్రం. ఎవరైనా కాపీ చేస్తారేమోనని కవులు తమ కవితలను పూలో, సంధ్యాకాశమో వెనక పెట్టి పోస్టరుగా మార్చి పెడుతున్నారు. ఫేస్‌బుక్ 2016 నుంచి బొమ్మలో ఏముందో ఊహించి చెప్పే ఏర్పాటు చేసింది గనుక, కవిత దగ్గరికి వచ్చేసరికి చూపులేని పాఠకుడికి వినిపించేది ‘ఆకాశం, అక్షరాలు ఉన్న బొమ్మ కావచ్చు’ అన్న ధోరణిలో ఒక ముక్క. కింద మాత్రం ‘అద్భుతం’, ‘గుండె తడిమారు’ అన్న వ్యాఖ్యలు డజన్ల కొద్దీ వినిపిస్తాయి. ప్రతి బొమ్మకూ వర్ణన రాసే గడి, దాన్నే ఆల్ట్ టెక్స్ట్ అంటారు, ఆ మాధ్యమాల్లో చాలావాటిలో ఉంది. కవితను అందులోనో, పోస్టు కింద మొదటి వ్యాఖ్యలోనో మళ్లీ అతికించడానికి అరనిమిషం చాలు.

వీరగాథల మీద పత్రికలకున్న మోజు గురించి కూడా ఒక మాట. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపులేకుండా పుట్టి, అమెరికాలో ఎంఐటీలో చదివి, హైదరాబాదులో బొల్లాంట్ పరిశ్రమను నెలకొల్పిన బొల్లా శ్రీకాంత్ జీవితం 2024లో హిందీ సినిమాగా వచ్చినప్పుడు తెలుగు పత్రికలు దాన్ని ఘనంగా రాశాయి, రాయవలసిందే. అయితే ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి ఆయన పోరాడవలసి రావడం, పాఠాలను ఆడియోగా మార్చడానికి ఒక ఉపాధ్యాయురాలు పూనుకోవలసి రావడం ఎందుకు జరిగాయో ఆ కథనాలు అడగలేదు. ప్రతి విద్యార్థికీ అటువంటి ఉపాధ్యాయురాలు దొరకదు, దొరకనక్కరలేని ఏర్పాటు ఉండడమే మేలు. చూపులేనివారి గురించి రాసిన ఆ ప్రత్యేక కథనమే ఈ-పేపర్‌లో బొమ్మగా ఉండిపోయి వారికి చదవడానికి వీల్లేకపోతే, అది ఎవరి కోసం రాసినట్టో సంపాదకులే ఆలోచించాలి.

అన్నీ ఒక్కసారి మారాలన్న పట్టుదల ఈ లేఖకు లేదు. పాత జాబితాలోని వందల పుస్తకాలను పక్కన పెట్టి, ఈ ఏడాది అచ్చుకు పోయే పుస్తకాలతో మొదలుపెట్టవచ్చు. డీటీపీ కేంద్రంతో కుదుర్చుకునే ఒప్పందంలో చివరి ప్రూఫు తరువాత పాఠాన్ని యూనికోడ్‌లో కూడా అప్పగించాలన్న షరతు ఒకటి చేర్చుకోవచ్చు, ఎందుకంటే ఆపరేటరు కంప్యూటరు పాడైతే ఆ ఫైలు ప్రచురణకర్తకూ దక్కదు, రెండో ముద్రణకు మళ్లీ టైపు చేయించిన అనుభవం చాలామందికి ఉన్నదే. ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, ప్రతులకు చిరునామా ఉండే పుటలో మరో పంక్తికి చోటుంది. ఈ పుస్తకం స్క్రీన్ రీడర్‌తో చదువుకోగల రూపంలో కూడా ఉందనీ, కావలసినవారు ఫలానా ఈమెయిల్‌కు రాయవచ్చుననీ ఆ పంక్తిలో ఉంటే, దాన్ని ఎవరో ఒకరు చూసి ఒక గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతారు. ఆ ఈమెయిల్‌కు వచ్చే ఉత్తరాల్లో వర్ణక్రమ దోషాలు కొన్ని ఉంటాయి, వాటికి జవాబు తెలుగులోనే, యూనికోడ్‌లోనే ఇవ్వాలని మనవి.

భవదీయులు,
చూపులేని తెలుగు పాఠకుల పక్షాన